పాత తుపాకీకి కొత్త గొట్టం

మా అన్నయ్య ఆర్మస్ మంచివాడే. కాకపోతే అడిగినా అడక్కపోయినా అందరి మంచీ తనే చూసేస్తాడు. వేసవిలో నా కుడి భుజానికి ఆపరేషన్ అయింది. ఆకులు రాలేసరికి, ఈ నవంబరులో మా చెల్లెలు హిల్యా వేటకు రాదు, శిబిరంలో వంట చూసుకుంటుంది అని ఊరంతా చెప్పేశాడు. ఆ సంగతి అందరికన్నా చివర తెలిసింది నాకే. అదీ కిరాణా కొట్లో, ఉల్లిపాయలు ఏరుకుంటుంటే.

నాకు ఒళ్ళు మండిపోయింది. జడలు వేసుకునే వయసు నుంచీ వేటకు వెళుతున్నదాన్ని. వాగు పక్కన మా నాన్న కట్టిన మంచె, చుట్టూ చెక్కలూ ఒక కిటికీతో, నాన్న తర్వాత నాకు వచ్చింది. మా శిబిరంలో ఒక కట్టుబాటు ఉంది. జింకల వేట మొదలయ్యే పొద్దున ఎవరి మంచె మీద వాళ్ళు ఉండాలి. లేకపోతే అది వరసలో తర్వాతి వాడికి పోతుంది. ఆ తర్వాతి వాడు అన్నయ్య అల్లుడు గ్యారెట్. పెద్ద వంతెనకు అవతల, అడవి ఎరగని దక్షిణాన పుట్టినవాడు. కుర్రాడు మంచివాడేగానీ, అడవిలో చిప్స్ పొట్లం విప్పే రకం. మా నాన్న మంచె మీద చిప్స్ కరకరలా!

డాక్టరును అడిగాను. "పేలినప్పుడు భుజాన్ని గట్టిగా తన్నే తుపాకీ పట్టుకోకు" అన్నాడు.

"మెల్లగా తన్నేదైతే?"

ఆయన నవ్వి, "నీతో ఎవడు వాదిస్తాడు" అన్నాడు. నా దృష్టిలో అది అనుమతే.

నాది ఒక్క తూటా తుపాకీ. మధ్యకు మడిచి తూటా పెట్టి మూయడమే. దాని గొప్పతనం ఏమిటంటే, గొట్టం ఊడదీసి వేరే గొట్టం తగిలించుకోవచ్చు. పెద్ద తూటా గొట్టం తీసేసి చిన్న తూటాది పెడితే తన్ను సగానికి సగం తగ్గుతుంది. తుపాకీ చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. వేరేవాళ్ళు చేసిన గొట్టం ఒకటి తెప్పించుకున్నాను. బల్బు మార్చినంత తేలిక అనుకున్నాను. పెడితే మూసుకోదే! వెంట్రుకవాసి దగ్గర ఆగిపోతుంది. ఇలాంటి గొట్టాలకు కొంచెం ఇనుము ఎక్కువే ఉంచుతారట, ఎవరి తుపాకీకి తగ్గట్టు వాళ్ళు అరగదీసుకోవాలని. మా వైపు ఆ పని చేతనైన చెయ్యి ఒక్కటే ఉంది. అది మా అన్నయ్యది.

అన్నయ్య షెడ్డులోకి వెళ్ళి బల్ల మీద గొట్టం పెట్టాను.

"ఏంటిది?" అన్నాడు.

"గొట్టం."

"కనపడుతోందిలే. దేనికీ అని."

"నీ అల్లుడికి వంట నేర్పడానికి."

అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం వస్తే చేసే పని అది. "హిల్యా, ఈ ఒక్క ఏడాది ఇంటిపట్టున ఉంటే కొంప మునుగుద్దా?"

"మంచె పోద్ది. ఆకురాయి తీస్తావా, నన్నే గీకమంటావా?"

నేను గీకితే ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి గబగబా ఆకురాయి అందుకున్నాడు. కొవ్వొత్తి వెలిగించి, గొట్టం కింద గొళ్ళెం పట్టే చోట మసి పట్టించాడు. తుపాకీ మూసి, తెరిచి చూశాడు. ఎక్కడ రాసుకుంటోందో అక్కడ మసి పోయి ఇనుము మెరిసింది. ఆ మెరిసిన చోట ఒక్క గీత గీశాడు. మళ్ళీ మసి, మళ్ళీ మూత, మళ్ళీ ఒక్క గీత. నాకు నిద్ర ముంచుకొచ్చింది.

"ఈ లెక్కన ఇది మనవళ్ళ వేటకి తయారవుద్ది. ఆలస్యం అమృతం విషం అన్నారు."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు. ఇనుం తియ్యడం తేలికే, తిరిగి అంటించడం ఎవడి తరం? వదులైతే పేలేది నీ మొహం ముందే. అప్పుడు నేనెవరితో పోట్లాడాలే?"

నేను కాఫీ కలిపి ఇచ్చాను, యాలకుల రొట్టె కోసి పక్కన పెట్టాను. ఇక తొందర పెట్టలేదు.

మర్నాడు చీకటి పడేలోపు తుపాకీ తలుపు గొళ్ళెం పడ్డట్టు టక్కుమని మూసుకుంది. అన్నయ్య రెండు కొలత ముక్కలు తెచ్చి తూటా స్థానంలో పెట్టి చూశాడు. ఒకదాని మీద మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. అలాగే అయింది. కంకర గుంత దగ్గరకు తీసుకెళ్ళి, తుపాకీకి గొట్టం కింద ఉండే ముందు చెక్కను ఇసక సంచి మీద ఆనించి కాల్చాను. అట్ట మీద చిల్లులన్నీ ఒక కాఫీ కప్పు కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. భుజానికి దోమ కుట్టినంత కూడా లేదు.

"ఏమంటావ్?" అన్నాను.

"ఏమంటాను, నా ఖర్మ" అన్నాడు. మొహంలో మాత్రం తన పనితనానికి సంబరం దాగలేదు.

వంట గ్యారెట్‌కు పడింది. "అత్తయ్యా, నాకు మాకరోనీ తప్ప ఏదీ రాదు" అన్నాడు పాపం. "మాకరోనీయే తింటాం నాయనా" అన్నాను.

వేట మొదటి పొద్దున మంచు పడుతోంది. మంచె మీద ముడుచుకుని కూర్చున్నాను. వాగు దాటి కొమ్ముల జింక వచ్చింది, నాన్న బతికుంటే ఊరంతా తిరిగి చెప్పుకునేంత పెద్దది. గొట్టం కిటికీ చెక్క మీద ఆనించి, ఊపిరి బిగబట్టి కాల్చాను. జింక వీపుకు పైగా ఉన్న ఒక చిన్న కొమ్మ విరిగిపడింది. జింక నా వైపు ఓ చూపు చూసి, ఎవరో తలుపు వేసి రమ్మన్నట్టు తాపీగా వెళ్ళిపోయింది.

చప్పుడు విని అన్నయ్య వచ్చాడు. మంచులో అడుగులన్నీ వెతికాం. నెత్తురు చుక్క లేదు, వెంట్రుక లేదు. మంచె ఎక్కి కిటికీ చెక్క మీద మంచులో పడ్డ గాడి చూశాడు.

"గొట్టం చెక్క మీద ఆనించావా?"

"నాన్న కూడా అలాగే కాల్చేవాడుగా!"

"నాన్నది దుంగలాంటి గొట్టం, దానికి చెల్లింది. ఇది సన్నది. గట్టి చెక్క తగిలితే ఎగిరిపడుద్ది. సంచి మీద ముందు చెక్క ఆనించి గురి సరిచేసి, ఇక్కడ గొట్టం ఆనిస్తావంటే!"

తప్పు నూటికి నూరుపాళ్ళు నాదే. ఎంతమంది చెప్పినా అలవాటు పడ్డ చేతులు వినవు.

సాయంత్రం శిబిరంలో మాకరోనీ ముందు కూర్చున్నాం, అన్నయ్య, గ్యారెట్, పక్క పొలం వాల్ఫ్రిడ్, నేను. మా గోడ నిండా చొక్కా ముక్కలే. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు ఆ రాత్రే కత్తిరించి, పేరు రాసి మేకు కొడతాం. తాత కాలం నుంచీ అంతే. కత్తెర గోడకే వేలాడుతోంది. ఎవరూ దానివైపు చూడటం లేదు. వాల్ఫ్రిడ్ వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు. వాల్ఫ్రిడ్ వాతావరణం గురించి మాట్లాడితే ఏదో దాస్తున్నాడన్నమాట.

"కత్తెరకేమన్నా తుప్పు పట్టిందా?" అన్నాను.

అన్నయ్య ప్లేట్లోకి చూస్తూ, "భుజం బాలేదు గదా, ఈ ఏడు నీది లెక్కలోకి తీసుకోంలే" అన్నాడు.

జింక పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. లేచి వాళ్ళకు వీపు తిప్పి, చొక్కా వెనక అంచు బయటికి లాగాను.

"గ్యారెట్ తప్పితే కోస్తావా, కొయ్యవా?"

"కోస్తా."

"వాల్ఫ్రిడ్‌దో?"

"వాడిది కోసీ కోసీ చొక్కా మిగల్లేదు."

"మరి నాదెందుకు వద్దు? గురి తప్పింది నేను, నా భుజం కాదు. కొయ్యన్నయ్యా!"

వెనక కుర్చీ జరిగింది. అన్నయ్య కత్తెర తీశాడు. మంచి ఉన్ని చొక్కా, ఎర్ర గళ్ళది, కట్టుబాటు ప్రకారం అరచెయ్యంత కోస్తే చాలు. తను నడుం దాకా కోసేశాడు. వీపుకు చల్లగాలి జివ్వుమని తగిలింది. వాల్ఫ్రిడ్ బల్ల గుద్ది ఈల వేశాడు. నేను కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను.

గ్యారెట్ గరిట పట్టుకుని ఆశగా అడిగాడు. "అత్తయ్యా, రేపు వంట మీరు చేస్తారా?"

నేను నోరు తెరిచేలోపే, గోడకు మేకు కొడుతూ, వెనక్కి తిరగకుండానే అన్నయ్య అన్నాడు:

"రేపు తెల్లారేసరికి అది మంచె మీదుంటది. నువ్వే వండు."