కత్తెర పడిన ముక్క

వీధిలో ఆ తండ్రీకొడుకుల్ని పెద్ద దర్జీ, చిన్న దర్జీ అంటారు. చిన్న దర్జీకి యాభై దాటాయి. గిరాకీ మీద, కరెంటు మీద, ఆఖరికి వాన మీద కూడా విరుచుకుపడే మనిషి. నోరు విప్పితే నిష్ఠూరమే. ఒక్క ఆదివారం సాయంత్రాన్ని మాత్రం పల్లెత్తు మాట అనడు. ఆ పూట కొట్టు తలుపు దగ్గరగా వేసి, బట్టలు కత్తిరించే బల్ల మీద జిగ్‌సా పజిల్ ముక్కలు కుమ్మరించి, తండ్రి, తను, కూతురు చుట్టూ చేరతారు.

నెలరోజులుగా ఆ సాయంత్రానికే ఎసరొచ్చింది. పెద్దాయన చూపు మందగించింది. "నాకెందుకురా ఇంక ఈ ఆటలు, మీరిద్దరూ కానివ్వండి" అని లేవబోతాడు. ఆయన లేస్తే ఆట ఉండదని చిన్న దర్జీకి తెలుసు. బతిమాలడం చేతకాక, "కూర్చుంటే అరిగిపోతావా" అని గదిమి కూర్చోబెట్టేవాడు.

ఈ ఆదివారం వెయ్యి ముక్కల ఓడరేవు బొమ్మ. చుట్టూ అంచు కట్టడం అయింది. కూతురు పడవల్లో పడింది. పెద్దాయన ఒక ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి, చిన్న కత్తెర తీసి, పొడుచుకొచ్చిన బుడిపెను కచక్కున కత్తిరించి, సందులో కూర్చోబెట్టాడు, చొక్కా చంక దగ్గర బిగుతు సరిచేసినంత తాపీగా.

"తాత ఆల్టరేషన్ చేసేశాడు నాన్నా" అని కూతురు పగలబడి నవ్వింది.

చిన్న దర్జీ నవ్వలేదు. "అంతేలే. అమరనిదాన్ని కత్తిరించడమే ఈయనకు తెలిసింది. నా చదువు ఏడో తరగతిలో కత్తిరించలేదూ."

నలభై ఏళ్ళుగా కడుపులో దాచిన మాట. కూతురి నవ్వు ఆగిపోయింది. పెద్దాయన కత్తెర కింద పెట్టి, గోడ పట్టుకుని లేచాడు. తలుపుదాకా వెళ్ళి ఆగాడు.

"నిజమేరా. మీ అమ్మ మంచాన పడింది. కుట్టడానికి నా రెండు చేతులూ చాల్లేదు. నిన్ను మిషను ముందు కూర్చోబెట్టిన వారమే మొదటి పజిల్ కొన్నాను. ప్రపంచపటం. బడి ఎలాగూ మానిపించాను, దేశాలైనా తెలుస్తాయని. నాకు చదవడం రాదుగా, నువ్వే పేర్లు చదివి వినిపించేవాడివి."

ఆ పటం చిన్న దర్జీకి బాగా గుర్తు. తండ్రికి ముచ్చటేమో, తోడు కూర్చుందాంలే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. జ్వరమొచ్చినా, పెళ్ళిళ్ళ రోజుల్లో బట్టలు మెడదాకా పేరుకున్నా ఆ మనిషి ఒక్క ఆదివారం తప్పలేదు. మొన్న కూతురి పరీక్షకు తను పుస్తకం చూడకుండా దేశాలన్నీ గడగడా అప్పజెప్పాడంటే అది ఈ బల్ల చలవే.

వెళ్ళి తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పటం కొని మంచిపని చేశావు నాన్నా" అన్నాడు. ఆ నోటికి అలవాటులేని మాట కాబట్టి కాస్త తడబడుతూనే వచ్చింది. "రా, కూర్చో. రంగులు నేను చెప్తాను, నువ్వు వేళ్ళతో తడిమి ఎక్కడ పడుతుందో చెప్పు."

"మళ్ళీ కత్తిరిస్తానేమోరా."

"కత్తిరించు. మునిగితే ఓడలేగా మునిగేది."

పెద్దాయన కూర్చున్నాడు. చిన్న దర్జీ తన స్టూలు ఆయన పక్కకు లాక్కుని, "ఇది నీలం. ఇదీ నీలమే" అంటూ ఒక్కో ముక్కా ఆయన అరచేతిలో పెట్టసాగాడు.