మూడువందల అరవయ్యో పూస

పాప పుట్టిన రోజునుంచి ఆమెకు సొంత పేరు లేకుండా పోయింది. అక్క కూతురికి పిన్ని కాబట్టి అక్క పిన్ని అంది, బావ పిన్ని అన్నాడు, చివరికి పాలు పోసే ముసలాయన కూడా "పిన్నిగారూ, గిన్నె తెండి" అనడం మొదలుపెట్టాడు. ఇరవై మూడేళ్ళకే ఊరందరికీ పిన్నయిపోయిన ఆ పిల్లకి ఈ లోకంలో భయమంటూ ఉంటే అది అక్కంటేనే. అక్క కొట్టదు, తిట్టదు. పిల్లల ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, ఆ రోజు వార్డులో చూసిందేదో ఒక్క ముక్క చెబుతుంది. ఆ ముక్కతో పిన్నికి అన్నం సహించదు.

మూడు నెలల కిందట పిన్ని క్రోషే నగలు నేర్చుకుంటానన్నప్పుడు కూడా అక్క అలాంటి ముక్కే చెప్పింది.

"మొన్నొక పిల్లాడు పల్లీగింజ మింగాడు. ఊపిరిగొట్టంలోకి పోయింది. కాసేపు దగ్గాడట, తర్వాత దగ్గు ఆగిపోయింది. తగ్గిపోయిందిలే అనుకుని వాళ్ళు ఊరుకున్నారు. ఆగిపోయిన దగ్గుని నమ్మకూడదే. నేర్చుకుంటే నేర్చుకో, కానీ పాప మెలకువగా ఉన్నా పడుకున్నా, నువ్వు దాన్ని చూస్తున్నంతసేపూ ఆ పూసల డబ్బా మూత తియ్యకు. ఒట్టెయ్యి."

పిన్ని అక్క చేతిలో చెయ్యి వేసి ఒట్టేసింది. వెయ్యడం ఎంతసేపు!

నేర్పేది మేడమీది టీచరమ్మ. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చేతికి క్రోషే సూది వచ్చినా నోట్లోంచి లెక్క పోలేదు. పూసల కంకణం అల్లడం మామూలు అల్లికలాంటిది కాదని మొదటిరోజే చెప్పింది. కావలసిన పూసలన్నీ ముందే దారానికి ఎక్కించుకోవాలి. తర్వాత ఒక్కో కుట్టుకీ ఒక్కో పూసను కిందికి దించుకుంటూ గుండ్రంగా అల్లుకుపోవాలి. చుట్టుకి ఆరు: ఐదు నీలం, ఒకటి ఎరుపు. అరవై చుట్లు. అల్లేకొద్దీ అది సన్నని గొట్టంలా తయారై, ఎర్రపూసలు దానిచుట్టూ మెలికలు తిరుగుతూ ఎక్కుతాయి.

"మొత్తం ఎన్ని?" అని అడిగేది టీచరమ్మ, ఎదురుగా బెత్తం లేకపోయినా ఉన్నట్టే.

"మూడువందల అరవై."

"ఒకటి తగ్గినా ఎర్రగీత వంకరపోతుంది. ఇంకోమాట. ఆఖరి కుట్టు పడేదాకా దారాన్ని ఉండనుంచి తెంపకు. తెంపావా, పూసలు ఆ కొసనుంచి జారిపోతాయి. నీ ఖర్మ."

విన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. కానీ సాయంత్రం గంటసేపు మేడమీద అల్లితే కంకణం ఎప్పటికి తెమిలేను? త్వరలోనే టీచరమ్మ శిష్యురాళ్ళ వస్తువుల ప్రదర్శన ఉంది. పాప పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా రాయిలా నిద్రపోతుంది. ఒకరోజు పిన్ని డబ్బా మూత కొంచెం తీసింది. ఏం కాలేదు. మర్నాడు ఇంకొంచెం తీసింది. ఏం కాకపోవడం ఎంత చెడ్డ అలవాటో ఏదైనా అయ్యాకే తెలుస్తుంది.

ఆ రోజు పాప నేలమీది బొంతలో నిద్రపోతోంది. పిన్ని ఆ పక్కనే చాప పరుచుకుని కూర్చుంది. ముప్పై తొమ్మిది చుట్లు అయ్యాయి. దారపు ఉండ మాటిమాటికీ మంచం కిందికి దొర్లిపోతూ ప్రాణం తీస్తోంది. ఇంక మిగిలింది కాస్తేగా అనుకుని, రెండు బారల దారం వదిలి, కత్తెరతో ఉండని తెంపేసింది.

అప్పుడే గంట మోగింది. కరెంటు మీటరు చూసేవాడు. అతను రాసుకోవాల్సింది రాసుకుని ఊరుకోకుండా, ఫలానా ఇంట్లో కుక్క ఉందా అని అడిగాడు. ఉందంది. కరుస్తుందా అన్నాడు. అదేమో నాకేం తెలుసంది. అంతా కలిపి మూడు నిమిషాలు.

తిరిగి వచ్చేసరికి పాప లేచి కూర్చుని ఉంది. బొంత మీద కాదు, చాప మీద. దారం తెగిన కొస దాని పిడికిట్లో ఉంది. నీలం పూసలు, ఎర్ర పూసలు చాపనిండా, గచ్చునిండా చెల్లాచెదరై ఉన్నాయి. పాప నోరు ఆడుతోంది.

 పిన్ని ఒక్క అంగలో వెళ్ళి పాపను ఎత్తుకుని నోట్లో వేలు పెట్టి తిప్పింది. చొల్లు తప్ప ఏమీ తగల్లేదు. పాప రెండుసార్లు దగ్గింది. ముఖం ఎర్రబడింది. మళ్ళీ దగ్గింది. ఆ తర్వాత దగ్గు ఆగిపోయింది. ఉన్న రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వింది.

ఆగిపోయిన దగ్గు. 

అక్కకి ఫోన్ చెయ్యాలి. ఆ సంగతి పిన్నికి తెలుసు. తెలిసి కూడా పాపను చంకలో బిగించి, మోకాళ్ళ మీద పాకుతూ పూసలు ఏరడం మొదలుపెట్టింది. లెక్క సరిపోతే చాలు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మంచం కింద, తలుపు మూల, చీపురు వెనకాల అన్నీ వెతికి ఏరినవి లెక్కపెట్టింది. దారం మీద మిగిలినవి లెక్కపెట్టింది. అల్లినవాటిని గోటితో తడుముకుంటూ లెక్కపెట్టింది. మూడువందల యాభై తొమ్మిది. కంగారులో లెక్క తప్పి ఉంటుందని మళ్ళీ లెక్కపెట్టింది. మూడువందల యాభై తొమ్మిదే.

పాప ఛాతీకి చెవి ఆనించింది. ఏదో గురగురమన్నట్టు వినిపించింది. తన గుండె చప్పుడో, పాప ఊపిరో ఆమెకు తెలియలేదు. గుమ్మంలోకి పరుగెత్తి "టీచరమ్మగారూ!" అని ఒక్క కేక పెట్టింది.

టీచరమ్మ మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి మెట్లు దిగి వచ్చింది. చాపనీ, పూసలనీ, తెగిన దారాన్నీ ఒక్కచూపులో చూసేసింది.

"ఒకటి తక్కువైందండీ. రెండుసార్లు లెక్కపెట్టాను. ఒకటి తక్కువే."

"నీ లెక్క తగలెయ్య! మీ అక్కకి చెప్పావా?"

"లేదండీ. అక్క నన్ను చంపేస్తుందండీ."

"పూస లోపలుంటే అక్క చంపేదాకా ఆగుతుందా? ఫోన్ చెయ్యి."

ఫోన్లో అక్క అరుస్తుందనుకుంది. అక్క అరవలేదు. గొంతు ఒక్కసారిగా చల్లబడిపోయింది. వార్డులో ఎవరి తల్లితోనో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"ఏడుస్తోందా? పెదాలు నల్లబడ్డాయా? లేదా? సరే. ఏమీ తినిపించకు. నీళ్ళు కూడా వద్దు. నోట్లో వేలు పెట్టకు. అలాంటి పూస ఒకటి తీసుకుని టాక్సీలో ఇక్కడికి వచ్చెయ్యి." ఒక్క క్షణం ఆగింది. "ఇవాళేనా పూసలు తీసింది?"

"ఇవాళేనక్కా. ఇవాళొక్కరోజే."

ఆ అబద్ధం నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చేసింది.

టాక్సీలో టీచరమ్మ పాపను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని ఊపిరి గమనిస్తోంది. పిన్ని చేతుల్లో మూట కట్టిన పూసలు, కంకణం ఉన్నాయి. ఎర్రలైటు దగ్గర టాక్సీ ఆగినప్పుడల్లా ఆమె పాప పెదాల రంగు చూస్తోంది. పాప నవ్వుతోంది, కిటికీ అద్దాన్ని చేత్తో కొడుతోంది. ఎంత హుషారుగా ఉంటే అంత భయం వేస్తోంది. ఆ పల్లీగింజ పిల్లాడు కూడా ఇలాగే నవ్వి ఉంటాడు.

అక్క ఆసుపత్రి గుమ్మంలోనే నిలబడి ఉంది. పిన్నివైపు చూడలేదు. పాపను అందుకుని, వీపుకి చెవి ఆనించి, లోపలికి నడిచింది. ఆ నడకలో అక్క చెవులకున్న క్రోషే బుట్టలు ఊగాయి. పోయిన సోమవారం అక్క పుట్టినరోజుకి పిన్నే అల్లి ఇచ్చింది. తెల్లదారం బుట్టలు, ఒక్కోదాని నడుమ శనగగింజంత గాజుపూస. అక్క మురిసిపోయి అప్పటినుంచీ తియ్యనే లేదు.

ఎక్స్‌రే గది తలుపు మూసుకుంది. లోపల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. వరండా బెంచీ మీద కూర్చుని పిన్ని కంకణాన్ని విప్పడం మొదలుపెట్టింది. అల్లిక విప్పడం ఎంతసేపు, దారం లాగితే చాలు, కుట్టు వెనక కుట్టు ఊడి వచ్చేస్తుంది. మూడు వారాల పని. ఒక్కో పూసా లెక్కపెడుతూ కొంగులో వేసుకుంటోంది.

"ఇప్పుడెందుకే అది?" అంది టీచరమ్మ.

"మీరే అన్నారు కదండీ. కుట్టు వదులైతే పూస గొట్టం లోపలికి జారిపోతుంది, పైకి కనబడదని."

 టీచరమ్మ కూడా పెదాలు కదుపుతూ లెక్కపెట్టసాగింది. పదకొండో చుట్టు విప్పుతుండగా, గొట్టం కడుపులోంచి, కుట్టుకి వెనకవైపున నక్కి కూర్చున్న నీలంపూస ఒకటి బయటపడింది. మిగతాదీ విప్పేసి, మూటలోవీ కొంగులోనే పోసి ఇద్దరూ చెరోసారి లెక్కపెట్టారు. మూడువందల అరవై.

పిన్ని లేచి నిలబడింది.  ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "ఏం మింగలేదండీ! మా తల్లి ఏం మింగలేదు!" అని టీచరమ్మ చేతులు పట్టుకుని ఊపేసింది. ఆమె బతుకులో అంత తియ్యటి అంకె ఇంకోటి లేదు.

తలుపు తెరుచుకుంది. ముందు డాక్టరు, వెనక పాపను భుజాన వేసుకుని అక్క.

"అక్కా, దొరికింది! లోపలికి జారిందక్కా, కంకణంలోనే ఉంది. లెక్క సరిపోయింది!"

 డాక్టరు చేతిలోని ఫిల్ము కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. పాప చిన్న ఎముకల గూడు, దాని కింద మసకమసకగా పొట్ట. బాగా కింద, తుంటి ఎముక పక్కన, గుండ్రంగా తెల్లటి చుక్క.

"ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. అదృష్టం," అన్నాడు డాక్టరు. "ఇది పేగుల్లో ఉంది, చివరిదాకా వచ్చేసింది. రేపో ఎల్లుండో అదే బయటికి పోతుంది. కానీ పొద్దున మింగింది ఇంత కిందికి రాదమ్మా. ఇది మింగి రోజులైంది."

నమూనాకని తెచ్చిన పూసలు పిన్ని కొంగులో ఉన్నాయి. ఒక్కోటి ఆవగింజ కన్నా కాస్త పెద్దది. ఫిల్ము మీది చుక్క శనగగింజంత ఉంది.  అక్క పుట్టినరోజుకి ముందు ఆదివారం బుట్టలు అల్లుతుంటే అలాంటిది ఒకటి చేజారి, గచ్చు మీద టక్కుమని ఎగిరి ఎటో పోయింది. పాప నిద్రలో ఉంది. కాసేపు వెతికింది. దొరక్కపోతే పోనీలే అనుకుని డబ్బాలోంచి ఇంకోటి తీసి కుట్టేసింది. రంగులో రవ్వంత తేడా వచ్చినా ఎవరూ కనిపెట్టలేదు.

అక్క చెయ్యి మెల్లగా తన చెవి దగ్గరికి వెళ్ళింది. కుడిచెవి బుట్ట తీసి అరచేతిలో పెట్టుకుంది. ఎడమది కూడా తీసి పక్కన పెట్టింది. రెండిట్నీ వెలుతురులో చూసింది. అప్పుడు, పొద్దుటినుంచి మొదటిసారి, చెల్లెలి ముఖంలోకి చూసింది.

"ఎప్పుడు?"

"ఆదివారం." అంది పిన్ని. "రోజూ తీస్తున్నానక్కా. నెలన్నరనుంచి."

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకోసాగింది. పాప తల్లి భుజం మీద వెక్కుతూ, కింద పిన్ని కొంగులో మెరుస్తున్న పూసలకోసం చెయ్యి చాపింది. అక్క ఆ చేతిని గుప్పిట్లో పట్టేసుకుంది.  

"ఈ నెలన్నరలో ఇంకెన్ని పోయాయే?" అంది అక్క.

పిన్ని కొంగులోకి చూసుకుంది. మూడువందల అరవై, ఒక్కటి కూడా తక్కువ లేదు.

"తెలీదక్కా," అంది.