వెన్న రాసిన రొట్టె

మా టాబితా ఇక్కడ నారిచ్‌లో రంగు సుద్దలతో మనుషుల బొమ్మలు వేస్తుంది. బీరు కాచే థర్లో గారి భార్య బొమ్మ కుదరకపోతే బ్రిస్టల్ వెళ్ళి ఎవరింట్లోనో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటానంది. అసలే ఎప్పుడూ దగ్గుతూ ఉంటుంది. అంత దూరంలో, నా పిల్ల బతుకుతుందా?

రోజూ బొమ్మలు వేసే గదిలోకి రొట్టె ముక్క పట్టుకెళ్తుంది. సాయంత్రానికి అది నల్లటి పొడిగా నేలమీద పడి ఉంటుంది. తిండి మానేసిందని హడలిపోయి, మొన్న రొట్టెను మధ్యకు కోసి దండిగా వెన్న కూరి ఇచ్చాను.

కాసేపటికి కేక వినిపించింది. పరుగెత్తాను. బొమ్మలో బుగ్గమీద జిడ్డు మరక.

"అమ్మా! రొట్టె తినడానికి కాదు, తప్పుపడిన సుద్ద తుడవడానికి! ఈ జిడ్డుమీద ఇంక సుద్ద అంటదు."

"మరి నువ్వేం తింటున్నావే?"

బొమ్మ కోసం కూర్చున్న థర్లో గారి భార్య కుర్చీలోంచి లేచి, మిగిలిన ముక్క నోట్లో వేసుకుంది. "మీ పిల్ల నన్ను రోజూ ఆకలితో బొమ్మలా కూర్చోబెడుతోందమ్మా. ఇలాంటి రొట్టె పెడితే కొత్త కాగితంమీద మళ్ళీ మొదలుపెట్టుకోమనండి, కూర్చుంటాను."

ఇప్పుడు రెండు రొట్టెలు పంపుతున్నాను, ఒట్టిది బొమ్మకు, వెన్నది ఆవిడకు. టాబితా బ్రిస్టల్ మాట ఎత్తడం లేదు. తనేం తింటోందో మాత్రం ఇంకా చెప్పలేదు.