పడవ ముందర దీపం

మొరంగడ్డ రేవులో పడవ మీద దీపం కనిపించిందంటే పడవలో పీనుగు ఉన్నట్టు లెక్క. పట్టపగలైనా సరే. మొరంగడ్డ ఒడ్డున గడ్డపార వేస్తే ఎర్రరాయి ఖంగుమంటుంది, మనిషిని పూడ్చేంత లోతు దిగదు. అందుకని చచ్చినవాళ్ళను మంజీర దాటించి అవతలి ఒడ్డున మెత్తటి నేలకు తీసుకుపోతారు. పడవ మొన మీద కందిలి వెలిగించి పెడతారు. ఎదురుపడిన వాళ్ళు ముఖం తిప్పుకోవాలి. చూస్తే ఆ దీపం చూసినవాళ్ళ ఇంటి దారి పడుతుందని పెద్దల మాట.

అందువల్ల బతికున్నవాళ్ళు రాత్రైనా దీపం పెట్టకుండా చీకట్లోనే నది దాటేవాళ్ళు.

జహీరాబాద్ అంగడి నాడు చివరి బస్సు రేవుకు వచ్చేసరికి పొద్దు గుంకేది. ఈ ఒడ్డు పడవ సంగయ్యది. అవతలి ఒడ్డు పడవ మాణిక్‌ది. రెండూ ఒకేసారి నది మధ్యలో ఉంటే కేకే ఆధారం. ఒకడు "హో" అంటే రెండోవాడు "హోహో" అనాలి. గొంతు ఎటు నుంచి వస్తే అటు వదిలేసి తెడ్డు వేయాలి. వాళ్ళ తండ్రులూ అట్లాగే వేశారు. ఎండాకాలంలో నది సన్నగా ఉన్నప్పుడు దగ్గినా అవతలికి వినిపించేది. వానలకు నది పొంగి గాలి లేచిందంటే కేక ఎటు పోతుందో గాలికే తెలియాలి.

ఎనభై మూడు వానాకాలంలో అట్లాంటి గాలిలోనే రెండు పడవలూ గుద్దుకున్నాయి. సంగయ్య కేక వేశాడు. మాణిక్ కూడా వేశాడు. ఒకరిది ఒకరికి వినబడలేదు. సంగయ్య పడవలో నుంచి నలుగురు నీళ్ళలో పడ్డారు. ముగ్గురు తేలారు. తేలని మనిషి సంగయ్య పెండ్లాం నారమ్మ.

మర్నాడు ఆమె చేపలవాళ్ళ వలకు తగిలింది. నది దాటించేటప్పుడు పెద్దమనుషులు మరిచిపోకుండా మొన మీద కందిలి పెట్టారు. గాజు తుడిచి మరీ పెట్టారు. సంగయ్య ఆ మంటను చూస్తూ తెడ్డు వేశాడు. ఇదే కందిలి నిన్న పెడితే ఏం పోయేదని అతను ఎవరినీ అడగలేదు. ఆ రోజు నుంచి అవసరానికి మించి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఏడాది తిరిగి మళ్ళీ వానలు పడ్డాయి. పీటర్ అనే అతను జహీరాబాద్ రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. ఇల్లు అవతలి ఒడ్డున. అంగడి నాడు సంచి నింపుకొని ఇంటికి పోయేవాడు. ఒక సాయంత్రం పడవలో అతనొక్కడే ఉన్నాడు.

"సంగన్నా, రైలు ఎన్నడన్న దీపం లేకుంట పోవుడు చూసినవా?"

"రైలెక్కనోనికి రైలు ముచ్చట ఎందుకు?"

"వెనుక ఎర్ర దీపం లేకుంటే గార్డు బండి కదలనియ్యడు. ఆ దీపం చూసి రైల్ల పీనుగున్నదని ఎవడన్న దిగిపోయిండా?"

సంగయ్య చాలాసేపు తెడ్డు వేశాడు. ఒడ్డు తగిలాక అడిగాడు.

"ఎర్ర అద్దం దొరుకుతదా?"

పగిలిన సిగ్నల్ దీపాల అద్దాలు పీటర్ తెచ్చి ఇచ్చాడు, ఎర్రవీ ఆకుపచ్చవీ. సంగయ్య గ్యాసునూనె డబ్బాలు కోసి రెండు పెట్టెలు చేశాడు. పెట్టెలో వత్తి వేసిన చిన్న నూనె దీపం, చిమ్నీ. ఎడమ పక్కకు ఎర్ర అద్దం, కుడి పక్కకు ఆకుపచ్చ అద్దం. ఎదుటివాడికి ఎర్రది కనిపిస్తే పడవ ఎడమ వైపు వాడి దిక్కు తిరిగి ఉన్నట్టు. ఆకుపచ్చది కనిపిస్తే కుడి వైపు. రెండూ కనిపిస్తే నేరుగా వాడి మీదికే వస్తున్నట్టు. పీనుగు దీపానికి రంగు ఉండదు. దీనికి ఉంది. జనం తేడా గుర్తుపడతారు అనుకున్నాడు. నారమ్మ పోయాక అతను పెట్టుకున్న ఆశ అదొక్కటే.

రెండో పెట్టె మాణిక్‌కు తీసుకుపోయాడు. మాణిక్ ఒడ్డున కూర్చుని పడవ సందుల్లో గుడ్డ పేలికలు కుక్కుతున్నాడు. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగ చేసినవ్ సంగన్నా. గని ఇది పెడితే నా పడవల నేనొక్కన్నే కూసోవాలె."

"కూసో. బతుకుతవ్."

"బతికి ఏం తినాలె?"

"నారమ్మను గుద్దింది నీ పడవ మొననే."

మాణిక్ చేతిలో పేలిక ఆగింది. "నాకు తెల్వదా? దినాం ఆ మొననే తుడుస్తున్న. గాలికి కేక వినరాలే, నేనేం చేద్దును?"

"గాలికి కేక ఆగుతది. వెలుతురు ఆగదు."

మాణిక్ పెట్టెను పడవ పలక కింద పెట్టుకున్నాడు. తీసుకున్నాడు అంతే. వెలిగిస్తానని చెప్పలేదు.

ఆ వారం అంగడి సాయంత్రం సంగయ్య తన దీపం వెలిగించాడు. బస్సు దిగిన వాళ్ళు గంపలతో రేవు దాకా వచ్చి ఆగిపోయారు. ముందర హనుమమ్మ. ఊళ్ళో పెండ్లికైనా చావుకైనా పద్ధతి చెప్పేది ఆమే. అవతలి ఊళ్ళో కొడుక్కు పిల్లను ఖాయం చేసుకుని వారం వారం అటు పోతున్నది.

"ఎవరు పోయిన్రు సంగయ్యా?"

"ఎవరు పోలే. పోకుంట పెట్టిన."

వెనక నుంచి నర్సింలు అందుకున్నాడు. రేవులో నవ్వించేది వాడే. "ఎర్రది ఆడ పీనుగుకు, పచ్చది మొగ పీనుగుకు కావచ్చు అత్తా. ఆలుమొగలు జోడుగ పోతున్నట్టున్నరు."

అందరూ నవ్వారు.

"నవ్వు," అన్నాడు సంగయ్య. "నీల్లు గొంతుల వడేదాంక నవ్వొచ్చు."

"నా కొడుకు లగ్గం పెట్టుకున్నం," అంది హనుమమ్మ. "గీ దీపం పడవల దిగితే వియ్యపురాలు నన్ను ఇంట్లకు రానిస్తదా? దీపం తీయ్, ఎక్కుత."

"తియ్య."

"నీ పెండ్లాం పోయిందని ఊరంతటికి దీపం పెడతవా?"

సంగయ్య తాడు విప్పాడు. పీటర్ ఒక్కడు ఎక్కాడు. మిగిలినవాళ్ళు రాళ్ళ మీద గంపలు దించుకుని, మాణిక్ చీకటి పడవ కోసం కూర్చున్నారు.

తర్వాతి వారమూ అంతే. ఆ పైన పగలు కూడా అతని పడవ ఎక్కడానికి వెనకాడారు. దీపం వెలగకపోయినా పెట్టె మొన మీదనే ఉంది కదా. పటేలు విరూపాక్ష పిలిపించి మంచి మాటగా చెప్పాడు.

"నీ మాట సబబే సంగయ్యా. కాదంటలేను. జనానికి జర అలవాటు కానీ."

"పెట్టకుంటే ఎట్ల అలవాటైతది పటేలా?"

"అలవాటైనంక పెట్టు."

సంగయ్య కండువా దులుపుకుని వచ్చేశాడు.

దసరా ముందు అంగడి నాడు బస్సు కిక్కిరిసి వచ్చింది. గాలి లేచి ఉంది. పీటర్ పండుగ సెలవు పెట్టి రెండు రోజుల ముందే ఇంటికి పోయాడు కాబట్టి సంగయ్య పడవలోకి ఎవరూ రాలేదు. అయినా అతను దీపం వెలిగించి అవతలికి ఒక తడవ పోయాడు. అంగడి నాడు ఖాళీ పడవైనా తిప్పేవాడు. జనం చూడాలి, చూసి చూసి మొద్దుబారాలి అని అతని పట్టు. అతను మళ్ళేసరికి మాణిక్ ఈ ఒడ్డున గంపలూ మనుషులూ నింపుకుని బయలుదేరాడు.

తిరిగి వస్తూ నది మధ్యలో సంగయ్య "హో" అన్నాడు. గాలి ఆ కేకను పీక్కుపోయింది. ఎదురుగా ఏమీ కనిపించలేదు. కానీ కాసేపటికి కుడి పక్క నుంచి, చాలా దూరంగా, గాలి వాలున మాణిక్ గొంతు వినిపించింది.

"చూసిన సంగన్నా. పచ్చది కనబడుతున్నది. నేను పక్కకైన."

దీపం పని చేసింది. కేక అందని గాలిలో మాణిక్ దీపం చూసి దూరంగా తప్పుకున్నాడు. సంగయ్య తెడ్డు ఎత్తి పట్టుకుని ఒక్క క్షణం అట్లాగే ఉండిపోయాడు.

అప్పుడు ఆ పడవలో నుంచి హనుమమ్మ గొంతు వచ్చింది.

"దీపం ఎదురొచ్చింది. మొఖాలు తిప్పుకోన్రి."

అది సంగయ్య దీపమేనని అందరికీ తెలుసు. తెలిసినా పండుగ ముందర ఎవరికీ ధైర్యం చాలలేదు. గంపలు ఒరుసుకున్న చప్పుడైంది. పడవలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా దీపానికి వీపు పెట్టి రెండో అంచు దిక్కు తిరిగారు, ఒరిగారు. ఆ అంచు నీళ్ళకు తాకింది. మాణిక్ "కూసోన్రి, కూసోన్రి" అంటూనే ఉన్నాడు. ఆ మాట మధ్యలో తెగిపోయింది.

సంగయ్య పడవ తిప్పాడు. ఆ ఎర్ర, పచ్చ వెలుతురులో తలలు, గంపలు, ఒక గొంగడి తేలుతున్నాయి. ముందుగా హనుమమ్మ చెయ్యి పడవ అంచుకు దొరికింది. ఆమె ఎక్కలేదు. ముఖం నీళ్ళ దిక్కు తిప్పుకుని వేలాడింది.

"దీపం ఆర్పు సంగయ్యా, ఎక్కుత."

"ఆర్పితే తక్కినోల్లు కనబడరు."

"ఆర్పు. నీ కాల్మొక్త. పోరని లగ్గమున్నది."

సంగయ్య ఆమె కొప్పు పట్టుకుని బస్తాను లాగినట్టు లోపలికి లాగాడు. ఆమె పడవ అడుగున ముడుచుకుని తడి కొంగు కళ్ళ మీదికి లాక్కుంది. నర్సింలు ఎర్ర అద్దాన్ని చూసుకుంటూ తనే ఈదుకొచ్చాడు. ఒకరి వెనక ఒకరు ఆ వెలుగును పట్టుకునే వచ్చారు. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే దీపానికి వీపు పెట్టి కూర్చున్నారు. అందరూ దొరికారు, మాణిక్ తప్ప. అందరికన్నా బాగా ఈదేవాడు అతనే. బోర్లా పడ్డ పడవ కింద ఇరుక్కున్నాడు.

సంగయ్య "హో" అని పిలుస్తూనే ఉన్నాడు. గొంతు పోయేదాకా పిలిచాడు.

తెల్లవారి మాణిక్ మొరంగడ్డ రాళ్ళకు తగిలాడు. అతని పడవను లాగి తిరగేస్తే పలక కింద ఆ రెండో పెట్టె అట్లాగే ఇరుక్కుని ఉంది. చిమ్నీ వత్తి తెల్లగా ఉంది. ఒక్కసారి కూడా అంటించలేదు.

శవాన్ని అవతలి ఒడ్డుకు చేర్చాలి. మాణిక్ పడవ పలకలు విరిగాయి, ఇక ఉన్నది సంగయ్య పడవ ఒక్కటే. విరూపాక్ష దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"దీపం పెట్టు సంగయ్యా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే గద పెట్టేది. ఆ రంగు అద్దాలు తీసెయ్. పద్ధతి కాదు."

సంగయ్య అద్దాలు ఊడదీసి నీళ్ళలో వేశాడు. ఒడ్డున నిలబడ్డ హనుమమ్మ అందరూ వినేటట్టు అంది. "మాణిక్‌ను ఆ దీపమే తిన్నది."

"దీపం తినలే. మీ మెడలు తిన్నయ్."

అన్నాడు కానీ, ఆ మాట మీద అతనికే నమ్మకం కుదరలేదు. దీపం లేకుంటే మాణిక్ పక్క నుంచి పోయేవాడేమో. లేకుంటే మళ్ళీ గుద్దుకునేవాళ్ళేమో. ఏది నిజమో చెప్పగలిగిన వాడు పడవలో ధోవతి కప్పుకుని పడుకుని ఉన్నాడు.

అవతలి ఒడ్డున మాణిక్ పెండ్లాం దేవమ్మ నిలబడి ఉంది. ఆమె శవాన్ని చూడలేదు. ముఖం కూడా తిప్పుకోలేదు. మొన మీద మంటనే చూసింది.

"నారమ్మ వదినెను తీసుకపోయిన దీపమే గద," అంది. "మా ఇంటి దారి పట్టడానికి ఏడాది పట్టింది."

సంగయ్య తాడు కట్టే పని పెట్టుకున్నాడు. ఆ పని చాలాసేపు చేశాడు.

పూడ్చి వచ్చేసరికి పొద్దు గుంకింది. మొరంగడ్డ వాళ్ళందరూ పడవ ఎక్కారు. ఇక వేరే పడవ లేదు. హనుమమ్మ కూడా ఎక్కింది. నర్సింలు మొన దాకా పోయి, వంగి, చిమ్నీని ఊది ఆర్పాడు.

"ఇప్పుడు పడవల బతికున్నోల్లమే గద మామా," అన్నాడు, ఏదో తప్పు చేసినట్టు.

సంగయ్య మళ్ళీ వెలిగించలేదు. చీకట్లో తెడ్డు వేశాడు. నది మధ్యకు వచ్చాక అలవాటు కొద్దీ గొంతెత్తి "హో" అన్నాడు. తెడ్డు ఎత్తి పట్టుకుని ఆగాడు. ఆ రోజు గాలి లేదు. నది అంతా వినిపిస్తున్నది.

"ఎవర్ని పిలుస్తున్నవ్?" అంది హనుమమ్మ.

"ఎవర్ని లేదు," అని సంగయ్య తెడ్డు నీళ్ళలో వేశాడు.