రోశయ్యకు షుగరొచ్చింది

దుర్గి దగ్గర రాళ్ల క్వారీలో రోశయ్య ఇరవై ఏళ్లు సమ్మెట కొట్టాడు. ఆరేళ్ల కిందట పొక్లెయిన్ నడపడం నేర్చుకున్నాక కూర్చుని చేసే పనైంది, జీతం రెట్టింపైంది. ఇంటికి మోటారుసైకిలొచ్చింది, వాషింగ్ మిషనొచ్చింది. అతని భార్య లక్ష్మి రాళ్ల తట్టలు మోయడం మాని, ఇంటి ముందే కూల్‌డ్రింకుల కొట్టు పెట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే నర్సు నజీమా క్వారీకొచ్చి అందరి వేళ్లూ గుచ్చి చూసింది.

"బాబాయ్, నీకు షుగరుంది. రెండొందల పది."

రోశయ్య కంగారుపడకపోగా మీసం సర్దుకున్నాడు. అతని చిన్నతనంలో ఊరి మొత్తానికీ షుగరున్నది ఒక్క కామందుకే.

"పెద్దోళ్లలో చేరావు గదా మామా!" అంటూ టిప్పర్ డ్రైవర్ బెంజిమిన్ చెయ్యి కలిపాడు.

రోశయ్య ఇంటికెళ్లి, "ఏమే, నాకు షుగరొచ్చింది," అన్నాడు గొప్పగా.

"నీకెంత?"

"రెండొందల పది."

"నాకు రెండొందల నలభై. నిన్ననే నజీమా చూసింది. నీకెట్టా చెప్పాలా అనుకుంటన్నా."

రోశయ్య మొహం వాడిపోయింది. "కొట్లో కూర్చునేదానివి, నీకెందుకొచ్చిందే?"

"నువ్వు పరిగెత్తుతున్నావా ఏంది?"

మర్నాడు ఇద్దరూ నజీమా దగ్గరికెళ్లారు.

"ఇది కామందుల జబ్బు కాదా అమ్మా?" అనడిగాడు.

"ఆ రోజులు పోయినయ్ బాబాయ్. మిషన్లొచ్చి ఒళ్లొంగే పని తగ్గింది. మూడు పూటలా తెల్లన్నం, మధ్యలో కూల్‌డ్రింకు. వదిలేస్తే కళ్లూ కిడ్నీలూ దెబ్బతింటయ్, సంపాదించిందంతా ఆసుపత్రికే పోద్ది. మాత్రలు మానొద్దు. అన్నం తగ్గించండి. రోజూ నడవండి."

తెల్లారి నుంచి ఇద్దరూ పొలాల దారిన నడక మొదలెట్టారు. పెళ్లై పాతికేళ్లైనా అట్లా ఊరికే పక్కపక్కన నడిచింది లేదు. నాలుగో రోజు లక్ష్మి ఉన్నట్టుండి అంది: "క్వారీలో మందు పేలినప్పుడల్లా, నీ తలగుడ్డ కనపడేదాకా నా గుండె కొట్టుకునేది కాదు."

రోశయ్య ఆగిపోయాడు. "ఇన్నేళ్లూ చెప్పలేదేందే?"

"ఎప్పుడు చెప్పను? తీరిగ్గా మాట్టాడుకున్నామా ఎప్పుడన్నా?"

ఆ రోజు వాళ్లు రెండు మైళ్లు ఎక్కువే నడిచారు.

మూడు నెలలకు ఇద్దరి షుగరూ చానా దిగింది. మాత్రలు మాత్రం వాడాల్సిందేనని నజీమా గట్టిగా చెప్పింది. ఆ ఆదివారం ఇద్దరూ ఎత్తిపోతల జలపాతం చూడ్డానికి పోయారు. ఇంత దగ్గరున్నా అదే మొదటిసారి. నీటి తుంపర మొహాన పడుతుంటే లక్ష్మి చిన్నపిల్లలా అరిచింది. రోశయ్య జలపాతం వంక చూడనే లేదు, ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.