మూడు వరసల్లో ఒకే పేరు

నేను ఒక చెక్కబోర్డును. తాలూకా కోర్టు ఆవరణలో, పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆఫీసు గుమ్మం పక్కన వేలాడుతుంటాను. పూర్వాశ్రమంలో సాక్షుల బోనుకి పైపలకను. నా మీద చెయ్యి ఆనించి, అంతా నిజమే చెబుతామని ప్రమాణం చేసి, ఆ వెంటనే అబద్ధమాడినవాళ్లు ఎంతమందో! బోనుకి చెద పట్టాక వడ్రంగి వీరాచారి నన్నొక్కదాన్నీ ఊడదీసి, చిత్రిక పట్టి, నల్లరంగు పూశాడు. ఇక అబద్ధాల పీడ వదిలిందనుకున్నాను.

నా మీద నాలుగు వరసలు గీశారు: స్టెనో, జూనియర్ అసిస్టెంటు, రికార్డు అసిస్టెంటు, అటెండరు. ఒక్కో ఉద్యోగానికీ ఎదురుగా మనిషి పేరు. కొన్నాళ్లకి జూనియర్ అసిస్టెంటు బదిలీ అయ్యాడు, రికార్డు అసిస్టెంటు రిటైరయ్యాడు. వాళ్ల చోట్లోకి ఎవరూ రాలేదు. ఆ రెండు పనులూ స్టెనో దమయంతికి ఇన్‌ఛార్జిగా అప్పగించారు. ఇన్‌ఛార్జి అంటే మరేం లేదు, పని మూడింతలు, జీతం ఒక్కటి.

ప్రాసిక్యూటర్ మృత్యుంజయరావు గారు మహా మంచివారు, పైఅధికారులంటే మాత్రం మహా భయం. "ఖాళీలు కనబడితే ఆఫీసు సరిగ్గా నడపడంలేదనుకుంటారమ్మా" అని ఆ రెండు వరసల్లోనూ దమయంతి పేరే రాయించారు. ఏటా పైకి పంపే నివేదిక నన్ను చూసే నింపేవారు. ఖాళీలు లేవు అని. అలా ఆరేళ్లు గడిచాయి. ఒకరోజు కేసుకట్ట సమయానికి దొరక్క ఓ కొట్లాట కేసు వాయిదా పడింది. తల పగిలి కుట్లు పడ్డ ఫిర్యాదుదారు రెండు బస్సులు మారి వచ్చి, ఊరికే తిరిగి వెళ్లాడు. దమయంతి ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఇంక నావల్ల కాదు బాబాయ్, మానేస్తాను" అంది అటెండరు అప్పలస్వామితో. నాకు కడుపన్నది లేదుగానీ, ఉంటే తరుక్కుపోయేదే.

ఆ వారమే, ప్రాసిక్యూటర్ల ఆఫీసుల్లో పోస్టులూ జీతాలూ ఖరారు చేసే కమిటీ వచ్చింది. ఇప్పుడు రాసుకున్నదే మరో పదేళ్లు ఖాయం. కమిటీ సభ్యురాలు ఇందుమతి గారు నన్ను పైనుంచి కిందికి చదివి, "అన్నీ నిండే ఉన్నాయే!" అని కలం తీశారు. మృత్యుంజయరావు గారు నావంక చూడకుండా కళ్లజోడు సవరించుకున్నారు.

"సిబ్బందిని ఓసారి పిలిపించండి" అన్నారావిడ.

అప్పలస్వామి ఒకప్పుడు కోర్టు బంట్రోతు. గుమ్మంలో నిలబడి, నన్ను చూస్తూ, కక్షిదారుల్ని పిలిచినట్టే గొంతెత్తాడు.

"స్టెనో కె. దమయంతీ!"

ఆమె వచ్చి నిలబడింది.

"జూనియర్ అసిస్టెంటు కె. దమయంతీ!"

ఆమె బయటికి వెళ్లి మళ్లీ వచ్చింది.

"రికార్డు అసిస్టెంటు కె. దమయంతీ!"

ఈసారి చేతినిండా కేసుకట్టలతో వచ్చింది.

ఇందుమతి గారు నవ్వబోయి ఆగిపోయారు. "జీతాలెన్నమ్మా?"

"ఒకటేనండి."

"తప్పు నాదేనండి" అన్నారు మృత్యుంజయరావు గారు తల వంచుకుని. "ఖాళీ అని రాయడానికి భయపడ్డాను."

"ఖాళీ అని రాయకపోతే మనిషినెలా ఇస్తామండీ?"

దమయంతి కట్టలు బల్లమీద పెట్టి, గుడ్డని కిరసనాయిల్లో ముంచి, రెండు వరసల్లోనూ తన పేరు తనే తుడిచేసింది. కాస్త మండినా, ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

నాలుగు నెలలకి నూకరత్నం, ఇర్ఫాన్ అని ఇద్దరు పిల్లలు ఉద్యోగంలో చేరారు. స్టెనోల జీతం కూడా ఒక మెట్టు పెరిగింది. కేసుకట్టలు అడగ్గానే చేతికొస్తున్నాయి. వాళ్లిద్దరికీ పని నేర్పాక దమయంతి ఒకరోజు సెలవుచీటీ పెట్టింది, ఆరేళ్లలో మొదటిది.

మృత్యుంజయరావు గారు అలవాటు చొప్పున కళ్లజోడు సవరించుకుని, "మరి రేపు ఇన్‌ఛార్జి ఎవరమ్మా?" అన్నారు.

"ఖాళీ అనే రాసుకోండి సార్, ఏం కాదు" అంది దమయంతి, సంచీ భుజాన వేసుకుంటూ.

ఆయన నావంక చూసి, నవ్వేసి, సంతకం పెట్టారు.