కోసేసిన అంచులు

సముద్రం అవతలి మదరసా నుంచి వచ్చిన చేతిరాత గ్రంథానికి నేను కొత్త అట్ట వేశాను. గీతలతో అంచులు చిందరవందరగా ఉన్నాయని నున్నగా కోసేశాను. ఆ పని అప్పగించిన మౌల్వీగారు తెరిచి, ఒక్కో పేజీ అంచూ వెతికారు.

"అంచుల్లో రాతలేవి నాయనా?"

"జిగురు ఉడికించే పొయ్యిలో వేశానండీ."

"ఆ మదరసా వాళ్ల సందేహాలకు మూడు దేశాల పండితులు రాసిన జవాబులవి. రేపు ఓడలో తిరిగి పంపాలి. ఒక్క ముక్క చదివి చూడలేదా?"

ఇరవై ఏళ్లుగా ఆయన ముందు పేజీలు తిప్పుతూ, అంతా తెలిసినట్టు తల ఊపిన వెధవని నేను.

"కుట్టడమే వచ్చండీ. చదవడం రాదు. చెప్పుకోడానికి సిగ్గేసింది."

ఆయన కలం తీసి, "తప్పు మాదేనని వాళ్లకు రాస్తాను" అన్నారు.

"మాదని కాదండీ, నాదని రాయండి" అన్నాను. తలెత్తలేకపోయాను.